ప్రెస్ వేయగానే మా టీమ్ చెదిరిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: సింగరాయకొండ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా పనిచేస్తున్నాను. అండర్-17 బాయ్స్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో పన్నెండు మంది ఉన్నారు. కోర్టు సిమెంటుది. రెండు బోర్డుల్లో ఒకదాని రింగు వంగిపోయింది. పనికొచ్చే బంతులు నాలుగు. సాయంత్రం గంటా పది నిమిషాలు దొరుకుతుంది. ఈసారి జిల్లా స్థాయి మ్యాచ్‌లో సగం ఆట అయ్యేసరికి 8 పాయింట్లు ముందున్నాం. మూడో క్వార్టర్‌లో అవతలివాళ్ళు ఫుల్‌కోర్టు ప్రెస్ (కోర్టు పొడవునా మీదపడి బంతి ముందుకి రానివ్వని డిఫెన్స్) మొదలుపెట్టారు. ఇక బంతి సగం గీత దాటితే ఒట్టు. 13 పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఆటంతా ఒక పదో తరగతి కుర్రాడి మీదే నడుస్తోంది. వాడు ఎవరికీ పాస్ ఇవ్వడు, మిగతావాళ్ళు అలుగుతున్నారు. వీడియోలు చూసి ఐదు ప్లేలు (ఎవరు ఎటు కదలాలో ముందే అనుకున్న ఎత్తులు) నేర్పాను, మ్యాచ్‌లో ఒక్కటీ గుర్తుండదు. ఏ స్ట్రాటజీ నేర్పితే బాగుంటుంది?

జవాబు: మాస్టారూ, ముందు ఆ ఐదు ప్లేలనీ అటకెక్కించండి. మీ పిల్లలకి బాస్కెట్ వేయడం వచ్చు; సగం ఆటకి 8 పాయింట్లు ముందుండటమే దానికి రుజువు. ఓడింది బంతిని రింగు దాకా చేర్చలేక. ప్లే అన్నది సగం గీత దాటాక మొదలయ్యే వ్యవహారం. గీతే దాటనప్పుడు ఐదు నేర్పినా యాభై నేర్పినా ఒకటే.

చిన్న లెక్క చూడండి. నలభై నిమిషాల ఆటలో మీ చేతికి బంతి 70 సార్లు వచ్చిందనుకుందాం. పాస్ తప్పో, ట్రావెలింగ్ (బంతి నేలకి కొట్టకుండా అడుగులు వేయడం) అయ్యో, గీత తొక్కో అందులో 28 సార్లు షాట్ కొట్టకుండానే పోగొట్టుకుంటే మిగిలేవి 42 షాట్లు. మూడింటికొకటి పడితే 14 బాస్కెట్లు, 28 పాయింట్లు. పోగొట్టుకునేది 16కి దించితే 54 షాట్లు, 18 బాస్కెట్లు, 36 పాయింట్లు. షూటింగ్ వీసమెత్తు మెరుగవకుండానే 8 పాయింట్లు కలిసొచ్చాయి. పైగా ప్రెస్‌లో పోయే బంతి మన రింగు ముందే పోతుంది. అవతలివాడు అడ్డూ ఆపూ లేకుండా రింగు కిందకే వచ్చి లేఅప్ వేసి వెళ్తాడు. అంటే నష్టం ఈ లెక్క కంటే ఎక్కువే.

అందుకని ఇకనుంచి ప్రతి ప్రాక్టీస్ మ్యాచ్‌కీ ఎనిమిదో తరగతి పిల్లాడొకణ్ణి నోటుబుక్కుతో గీత పక్కన కూర్చోబెట్టండి. బంతి మన చేతికొచ్చిన ప్రతిసారీ ఒక గుర్తు పెట్టాలి. షాట్ కొడితే ‘ష’, ఫౌల్ దొరికితే ‘ఫౌ’, పోగొట్టుకుంటే ‘పో’. ‘పో’ పక్కన ఎవరి దగ్గర పోయింది, మన సగంలోనా అవతలి సగంలోనా అన్నది కూడా రాయాలి. మూడు నాలుగు మ్యాచ్‌ల కాగితాలు పక్కపక్కన పెట్టుకుంటే ఏది నేర్పాలో ఎవర్నీ అడగక్కర్లేదు. మీ కాగితంలో ఎక్కువ ‘పో’లు ఆ పదో తరగతి కుర్రాడి పేరు పక్కనే కనబడతాయని నా అంచనా. దాన్నిబట్టి వాణ్ణి తిట్టకండి, కారణం కింద చెబుతాను.

ఇప్పుడు ప్రెస్ సంగతి. బంతి లోపలికి వేయడానికి 5 సెకన్లు, సగం గీత దాటించడానికి 8 సెకన్లు. ప్రెస్ వేసేవాళ్ళు ఈ గడియారాన్ని చూపించే బెదిరిస్తారు. వాళ్ళు బంతి లాక్కోవడం తక్కువ. మనవాడే కంగారుపడి ఇచ్చేస్తాడు. డ్రిబుల్ చేసేవాణ్ణి, అంటే బంతి నేలకి కొడుతూ తెచ్చేవాణ్ణి, మెల్లగా సైడ్‌లైన్ వైపుకి తోలి, మూలకి రాగానే ఇద్దరు మీదపడతారు; దీన్నే ట్రాప్ అంటారు. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి మూలకి నెట్టి చుట్టేసినట్టే. అప్పుడు వాడు డ్రిబుల్ ఆపేస్తాడు, బంతి తల మీదికి ఎత్తి గాల్లోకి ఎత్తుగా వేస్తాడు. మూడోవాడు కాచుకుని ఉండేది సరిగ్గా ఆ బంతి కోసమే. 1964లో కోచ్ జాన్ వుడెన్ నడిపిన అమెరికా యూనివర్సిటీ టీమ్ యూసీఎల్‌ఏ ఆడిన 30 మ్యాచ్‌లూ గెలిచి టైటిల్ కొట్టింది. మొదటి ఐదుగురిలో 6 అడుగుల 5 అంగుళాలు దాటినవాడు ఒక్కడూ లేడు. ఆ పొట్టి టీమ్ అంతటి ఎత్తుగాళ్ళని ఉక్కిరిబిక్కిరి చేసింది ఫుల్‌కోర్టు జోన్ ప్రెస్‌తోనే (జోన్ అంటే మనిషిని కాకుండా ఒక్కొక్కరూ ఒక్కో చోటుని కాయడం).

ప్రెస్‌ని డ్రిబుల్‌తో ఛేదించాలనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. పాస్‌తో ఛేదించాలి. ఐదుగురిని ఇలా నిలబెట్టండి. బంతి లోపలికి వేసేవాడు ఎత్తుగా, నిదానస్తుడిగా ఉండాలి. వాడు బోర్డు వెనకాల సరిగ్గా మధ్యలో నిలబడకూడదు, పాస్ బోర్డుకో నెట్‌కో తగులుతుంది. ఒక పక్కకి రెండడుగులు జరగాలి. ఇద్దరు గార్డులు (బంతి అందుకుని ముందుకి చేర్చేవాళ్ళు) ఫ్రీత్రో గీతకి చెరో కొసన. నాలుగోవాడు సెంటర్ సర్కిల్లో. ఐదోవాడు అవతలి రింగు దగ్గర లోతుగా. వాడికి బంతి రాకపోయినా సరే, అక్కడ ఉంటే చాలు, వాళ్ళలో ఒకడు వాడికి కాపలా ఉండక తప్పదు.

గార్డు బంతి అందుకున్న క్షణంలోనే అంతా తేలిపోతుంది. మామూలుగా పిల్లాడు మన రింగు వైపే ముఖం పెట్టి బంతి పట్టుకుంటాడు, చూడకుండానే నేలకేసి కొట్టేస్తాడు. ఆ అలవాటు తీయాలి. రెండు కాళ్ళ మీద ఆగి పట్టుకోవాలి, బంతి గడ్డం కింద, మోచేతులు బయటికి. ఒక కాలు పాతుకుని సగం చుట్టు తిరగాలి, కోర్టంతా చూడాలి. ఆ తర్వాతే ఏదైనా. ఈలోగా బంతి వేసినవాడు కోర్టులోకి వచ్చి వాడికి మూడు నాలుగు మీటర్లు వెనకగా, ఏటవాలుగా నిలబడతాడు. సెంటర్ సర్కిల్లో ఉన్నవాడు బంతి ఉన్న వైపుకి పరుగెత్తుకొస్తాడు. రెండో గార్డు అవతలి సైడ్‌లైన్ వెంట ముందుకి కదులుతాడు. ఇప్పుడు బంతి ఉన్నవాడికి మూడు దారులు. మొదట మధ్యలోవాడు. కుదరకపోతే వెనకవాడు, వాడి ద్వారా అవతలి గార్డు. ఏదీ లేకపోతేనే తన పక్క సైడ్‌లైన్. ఈ వరస పిల్లలకి నిద్రలో అడిగినా చెప్పేలా ఉండాలి: మధ్య, వెనక, అవతల.

బంతి మధ్యలోవాడికి చేరిందంటే ప్రెస్ పగిలినట్టే. ఎదురుగా ఇద్దరో ముగ్గురో మాత్రమే మిగులుతారు. చాలా స్కూల్ టీములు ఇక్కడ ఊపిరి పీల్చుకుని నెమ్మదిస్తాయి. అలా చేయనివ్వకండి. వాళ్ళు వెనక్కి చేరేలోపు లేఅప్ దాకా వెళ్ళాలి. ప్రెస్ వేస్తే రెండు పాయింట్లు పోతాయని రెండు మూడుసార్లు అర్థమైతే అవతలి కోచే ఆపేస్తాడు.

ఇంకో ప్రమాదం సగం గీత దాటిన మొదటి అడుగులో ఉంది. అక్కడ ఆగితే వెనక్కి వెళ్ళడానికి లేదు, పక్కన సైడ్‌లైన్. రెండు గీతలూ వాళ్ళ తరఫున కాపలా కాస్తున్నట్టే. గీత దాటితే కనీసం మూడు మీటర్లు లోపలికి పోవాలి, లేదా దాటకముందే పాస్ ఇచ్చేయాలి.

దీన్ని నేర్పడానికి మీ పన్నెండు మంది సరిగ్గా సరిపోతారు. ఐదుగురు బంతి తీసుకెళ్ళాలి, ఏడుగురు ఆపాలి. డ్రిబుల్ చేయడం నిషేధం. మొదటి రెండు మూడు రోజులు ఘోరంగా ఉంటుంది, బంతి గీత దాటదు, పిల్లలు విసుక్కుంటారు. పర్లేదు, సాగనివ్వండి. ఏడుగురి మధ్య పాస్ దొరికించుకోవడం అలవాటైనవాడికి మ్యాచ్‌లో ఐదుగురు పలచగా కనిపిస్తారు. వారం తర్వాత ఒకే ఒక డ్రిబుల్‌కి అనుమతివ్వండి. మూడో వారం నుంచి ఐదుగురికి ఐదుగురు, మామూలు రూల్స్. ఈలోపు ట్రాప్‌లో పడ్డప్పుడు బంతి పైకెత్తే అలవాటు పోవాలి: కిందకి వేస్తున్నట్టు చూపించి పక్కనుంచి ఇవ్వడం, ఇద్దరి మధ్య సందులో ఒక కాలు ముందుకి వేసి నేలకి తగిలి వెళ్ళేలా బౌన్స్ పాస్ ఇవ్వడం, ఇవి రెండూ చాలు.

రూల్ ఒకటి పిల్లలకి తెలియక నష్టపోతుంటారు. మన మీద బాస్కెట్ పడ్డాక బంతి వేసేవాడు బేస్‌లైన్ వెనక అటూ ఇటూ పరుగెత్తవచ్చు, గీత వెనకే ఉన్న ఇంకొకడికి పాస్ కూడా ఇవ్వవచ్చు. బంతి బయటికి పోయి రిఫరీ చోటు చూపించినప్పుడు మాత్రం పరుగెత్తడానికి లేదు. ఈ తేడా తెలిసినవాణ్ణే ఆ పనికి పెట్టండి.

టైమౌట్ల మాట మీరు రాయలేదు. వరసగా రెండు బంతులు పోతే మూడోదాని కోసం ఎదురు చూడకుండా టైమౌట్ తీసుకోండి. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫీబా) రూల్స్ ప్రకారం మొదటి సగంలో రెండు, రెండో సగంలో మూడు ఉంటాయి. నాలుగో క్వార్టర్ చివరి 2 నిమిషాల్లో మాత్రం రెండే వాడుకోగలరు. మూడూ దాచుకుంటే ఒకటి గాలికి పోతుంది. ఆ నిమిషంలో ఉపన్యాసం వద్దు. ‘మధ్య, వెనక, అవతల’ అని, ఎవరు ఎక్కడ నిలబడాలో చూపించి, నీళ్ళు తాగించి పంపండి.

ఇక ఆ కుర్రాడు. వాడు ఎవరికీ పాస్ ఇవ్వడని రాశారు. ఇస్తే పట్టుకునేవాళ్ళున్నారా? చేతిలోకి వచ్చిన బంతి జారవిడిచేవాళ్ళకి ఇవ్వడం కంటే నేనే తీసుకెళ్తే మేలని వాడికి ఏ దశలోనో అనిపించి ఉంటుంది. అందులో పొగరు కంటే అనుభవమే ఎక్కువ. పైగా బంతి తీసుకెళ్ళేదీ వాడే, స్కోరు చేసేదీ వాడే, అవతలి మేటి ఆటగాణ్ణి ఆపేదీ వాడే. మూడో క్వార్టర్‌కి కాళ్ళలో సత్తువ ఎక్కణ్ణుంచి వస్తుంది?

వాణ్ణి బంతి మోసే పని నుంచి తప్పించి సెంటర్ సర్కిల్లో, పైన చెప్పిన మధ్యవాడి స్థానంలో పెట్టండి. అప్పుడు ట్రాప్ వాడి మీద పడదు. బంతి వాడికి చేరేసరికి ఎదురుగా ఖాళీ ఉంటుంది, చూడగలడు, ఇవ్వగలడు. గార్డులిద్దరూ గొప్ప డ్రిబ్లర్లు కానక్కర్లేదు, ఆగి తిరిగి పాస్ ఇవ్వగలిగితే చాలు. ప్రాక్టీస్‌లో మూడు పాస్‌లు పూర్తి కాకుండా షాట్ లేదని రూల్ పెట్టండి. అది వాడొక్కడికే కాదు, అందరికీ ఉండాలి. లేకపోతే శిక్షలా ఉంటుంది.

విశ్రాంతి కూడా లెక్కగా ఇవ్వాలి. మొదటి క్వార్టర్ చివరి రెండు నిమిషాలు, రెండో క్వార్టర్ మొదటి రెండు నిమిషాలు కూర్చోబెడితే మధ్యలో వచ్చే 2 నిమిషాల విరామం కూడా కలిసొస్తుంది. మూడు, నాలుగు క్వార్టర్ల మధ్య ఇంకోసారి, చెరో నిమిషం. మొదటి క్వార్టర్‌లోనే రెండు ఫౌల్స్ అయితే ఆలోచించకుండా బయటికి పిలవండి. ఐదో ఫౌల్‌తో ఆట నుంచి బయటికే, కాబట్టి అది ఆఖరి నిమిషాల కోసం దాచుకోవాల్సిన సరుకు.

అలకల మందు వేరు. పన్నెండు మందికీ తలా ఒక పని, చిన్న కాగితం మీద రాసి చేతికివ్వండి. ఒకడికి: షాట్ లేవగానే నీవాణ్ణి వీపుతో ఆపి రింగుకి దూరంగా ఉంచు. ఇంకొకడికి: నువ్వు దిగితే రెండే నిమిషాలు, ఆ రెండు నిమిషాలూ వాళ్ళ గార్డుకి ఊపిరాడకూడదు. బెంచీ మీది చివరి నలుగురికి: వచ్చే మ్యాచ్ ప్రత్యర్థులు ఆడే తీరు ప్రాక్టీస్‌లో మీరే చూపించాలి. పని లేనివాడు అలుగుతాడు, పనున్నవాడు అడుగుతాడు. మ్యాచ్ అయ్యాక ఆ పని అయ్యిందా లేదా అన్నదే మాట్లాడండి. పాయింట్ల గురించి ఊళ్ళోవాళ్ళు ఎలాగూ మాట్లాడతారు.

మీకున్న 70 నిమిషాలు ఇలా పంచుకోవచ్చు. మొదటి 10 నిమిషాలు ఒళ్ళు వేడెక్కడానికి, అదీ బంతితోనే; కోర్టు చుట్టూ రౌండ్లు కొట్టించి టైము వృథా చేయకండి. 12 నిమిషాలు ఆగడం, తిరగడం, పాస్. 10 నిమిషాలు కుడి చేత్తోనూ ఎడమ చేత్తోనూ లేఅప్‌లు. 18 నిమిషాలు ప్రెస్ ఆట. 12 నిమిషాలు సగం కోర్టులో ఐదుగురికి ఐదుగురు. మిగిలిన 8 నిమిషాలు నీళ్ళకి, ఫ్రీత్రోలకి. ఫ్రీత్రోలు వరసగా ఇరవై వేయించడం దండగ. మ్యాచ్‌లో రొప్పుతూ రెండు వేయాలి. కాబట్టి ఈ కొసనుంచి ఆ కొసకి పరుగెత్తించి రెండు, మళ్ళీ పరుగు, మళ్ళీ రెండు. ఎవరికి పదికి ఎన్ని పడ్డాయో గోడ మీద సుద్దతో రాయండి. నాలుగు బంతులే కాబట్టి ముగ్గురికొకటి. క్యూలో ఐదుగురు నిలబడి చూసే డ్రిల్ ఏదైనా సరే, తీసేయండి.

ఎటాక్‌కి ఒక్కటే నేర్పండి: ఇచ్చి పరుగెత్తు. త్రీ పాయింట్ గీత బయట ఐదు చోట్ల సున్నంతో గుర్తులు పెట్టండి, ఒక్కోదానికి నాలుగైదు మీటర్ల దూరం. పాస్ ఇచ్చినవాడు రింగు వైపుకి కోసుకుపోవాలి, బంతి రాకపోతే ఖాళీ మూలకి పోవాలి. మిగతావాళ్ళు బంతి వైపుకి ఒక్కో గుర్తు జరగాలి. తనకి పాస్ రాకుండా చెయ్యి అడ్డుపెడుతుంటే వెనకనుంచి రింగుకి పోవాలి. అంతే. జోన్ ఎదురైతే ఒకణ్ణి ఫ్రీత్రో గీత మధ్యలోకి దింపి బంతి వాడి ద్వారా తిప్పండి.

డిఫెన్స్‌లో మ్యాన్ టు మ్యాన్ (ఒక్కొక్కరూ ఒక్కో ఆటగాణ్ణి కాయడం) మొదట. జోన్ తేలిగ్గా వస్తుంది కానీ ఈ వయసులో అదొక్కటే నేర్పితే పిల్లలు చేతులెత్తి నిలబడటం నేర్చుకుంటారు, కాళ్ళు కదపరు. 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు) మాత్రం ఫౌల్స్ ఎక్కువైనప్పుడు మూడు నాలుగు నిమిషాల కోసం ఉంచుకోండి. ఒక పక్కనుంచి వేసిన షాట్ తప్పితే ఎక్కువసార్లు అవతలి పక్కకే పడుతుంది. రీబౌండ్‌కి నిలబడేవాళ్ళకి ఇది చెప్పండి. ఆ వంగిన రింగు షూటింగ్‌కి పనికిరాదు గానీ రీబౌండ్ ప్రాక్టీస్‌కి భేషుగ్గా ఉంటుంది, బంతి ఎటు పోతుందో దానికే తెలియదు.

కోర్టు గురించి రెండు మాటలు. రింగు ఎత్తు టేపుతో కొలవండి, 3.05 మీటర్లు ఉండాలి. పాత నేల మీద మళ్ళీ సిమెంటు పోసిన చోట ఎత్తు తగ్గి ఉంటుంది. అక్కడ అలవాటైన చేతికి పోటీల్లో ప్రతి షాటూ పొట్టి పడుతుంది. సముద్రపు గాలికి బోల్టులు తుప్పు పడతాయి, నెలకోసారి చూడండి. ఇసుక ఊడవకుండా ఆడిస్తే ఆగి తిరిగేటప్పుడు కాలు జారి ట్రావెలింగ్ అవుతుంది, మడమ మెలిపడుతుంది. బంతిలో గాలి సరిపోయిందో లేదో తెలియాలంటే 1.8 మీటర్ల ఎత్తునుంచి వదలండి. దాని పైభాగం 1.2 నుంచి 1.4 మీటర్ల మధ్యకి లేవాలి. సిమెంటు మీదికి రబ్బరు బంతులే కొనండి, తోలువి ఒక్క సీజన్ కూడా ఆగవు.

ఒంటిపూట బడులు మొదలయ్యాక సాయంత్రం నాలుగింటికి ఆ సిమెంటు మీద పిల్లల్ని దింపకండి. పొద్దున ఆరింటికి మేలు. పావుగంటకోసారి నీళ్ళు. లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ఉంచండి, నిమ్మకాయ పిండినా మంచిదే. ఎవడైనా తికమకగా మాట్లాడినా, వాంతి చేసుకున్నా, తూలినా ఆట ఆపి నీడకి చేర్చి, మెడ మీద, చంకల్లో తడిగుడ్డలు వేసి, 108కి ఫోన్ చేయండి. అక్టోబరు, నవంబరు వానల్లో కోర్టు పనికిరాని రోజున వరండాలో ఆగడం, తిరగడం చేయించవచ్చు, బంతి కూడా అక్కర్లేదు.

వచ్చే ఏడాది మాట. ఆ కుర్రాడు మార్చి తర్వాత మీ దగ్గర ఉండడు. పన్నెండు మందిలో నలుగురైనా ఎనిమిదో తరగతి వాళ్ళుండేలా ఇప్పుడే చూసుకోండి. ఎంపికలో ఎత్తు ఒక్కటే చూడకండి. బంతి చేతిలో పడ్డప్పుడు చప్పుడు చేస్తోందా మెత్తగా ఆగుతోందా, చెప్పిన మాట రెండోసారికి చేస్తున్నాడా, బంతి పోగొట్టుకున్నాక తల పట్టుకుంటున్నాడా వెనక్కి పరుగెత్తుతున్నాడా చూడండి. పదో తరగతి వాళ్ళకి స్టడీ అవర్లు ఉంటాయి కాబట్టి వాళ్ళని వారానికి మూడు రోజులే పిలిచి, మిగతా రోజులు చిన్నవాళ్ళకి గార్డు పని నేర్పడానికి వాడుకోండి. హెడ్‌మాస్టరు గారికి ఆ సంగతి ముందే చెప్పి ఒప్పిస్తే పరీక్షల ముందు పేచీ ఉండదు.

ఈ వారం మొదలుపెట్టాల్సింది మాత్రం రెండే: నోటుబుక్కులో ‘పో’ లెక్క, ఐదుగురికి ఏడుగురి ఆట. నెల తర్వాత లెక్క తగ్గకపోతే ఆ కాగితాలు మాకు పంపండి, ‘పో’లు మన సగంలో ఎక్కువున్నాయా అవతలి సగంలోనా అన్నదాన్ని బట్టి తర్వాతి పని చెబుతాం.